మదర్‌బోర్డు మారింది, విండోస్ అలిగింది: బావ ఆఫీసు కంప్యూటర్ డైరీ

జూన్ 12, 2025, గురువారం

బావకు హనుమకొండలో చిన్న ట్యాక్స్ ఆఫీసు ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, వర్షం పడితే తడిసే ఒక గోడ. రాత్రి ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, 11తో జీఎస్టీఆర్-1 అయిపోయింది. 20కి ఇంకో జీఎస్టీ రిటర్ను 3బీ వెయ్యాలె. ఈ మధ్యల నువ్వేం చేస్తవో చెయ్. 18 దాటిందా, మీ అక్కకు చెప్పి నీకు అన్నం బంద్ చేయిస్త."

పని ఏమిటంటే ఆయన అకౌంట్స్ కంప్యూటర్‌కి మదర్‌బోర్డు, ప్రాసెసర్ మార్చడం. 2018లో అసెంబుల్ చేయించింది, ప్రాసెసర్ ఐ5-7400. ఇప్పటికీ బాగానే నడుస్తుంది. కానీ అక్టోబర్ 14, 2025తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచే విండోస్ 11 ఎక్కుతుంది, ఇది ఏడో తరం. ఒక్క మెట్టు తేడా. క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉండే కంప్యూటర్‌ని సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా నడపడం నాకు నచ్చదు. పాత ర్యామ్ డీడీఆర్4 కాబట్టి అదే పనికొచ్చేలా ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, దానికి ఒక బీ550 బోర్డు తీసుకున్నాం. క్యాబినెట్, పవర్ సప్లై, ఎస్ఎస్‌డీ అన్నీ పాతవే.

బిగించడం ఒక మధ్యాహ్నం పని. నా టెన్షన్ అంతా విండోస్ లైసెన్స్ గురించే.

జూన్ 13, శుక్రవారం సాయంత్రం

స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందు కూర్చుని లైసెన్స్ జాతకం చూశాను. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎల్ఎంజీఆర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ డీఎల్ఐ అంటే ఒక చిన్న డబ్బా వస్తుంది. అందులో చూడాల్సినవి రెండే: ఛానల్ పేరు (లైసెన్స్ ఏ దారిన వచ్చిందో), కీ చివరి అయిదు అక్షరాలు. ఇక్కడ వచ్చింది రిటైల్ ఛానల్, చివర 3వీ66టీ.

రిటైల్ అని చూడగానే సగం ఊపిరి వచ్చింది. ఓఈఎం (తయారీదారు కంప్యూటర్‌తో పాటే ఇచ్చింది) అని ఉంటే ఆ లైసెన్స్ బోర్డుతోనే పుట్టి బోర్డుతోనే పోతుంది. రిటైల్ లైసెన్స్ యజమానిది, ఒక కంప్యూటర్ నుంచి తీసి ఇంకో దానికి పెట్టుకోవచ్చు, ఒకేసారి రెండింట్లో మాత్రం కుదరదు.

మిగతా సగం ఊపిరి ఆ 3వీ66టీ దగ్గర ఆగిపోయింది. అది బావ సొంత కీ కాదు. విండోస్ 10 ప్రో డిజిటల్ లైసెన్స్‌తో నడిచే కంప్యూటర్లలో మామూలుగా కనిపించే ఉమ్మడి కీ. అసలు హక్కు మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఈ మదర్‌బోర్డు పేరు మీద రాసి ఉంటుంది. బావను అడిగితే బీరువాలోంచి రబ్బర్ బ్యాండ్ వేసిన డబ్బా తీశాడు: విండోస్ 7 ప్రొఫెషనల్, 2014 బిల్లుతో సహా. బిల్లు లేనిదే ఇంట్లోకి కొత్తిమీర కట్ట కూడా రానివ్వని మనిషి. 2018లో షాపతను ఆ 7 కీతోనే 10ని యాక్టివేట్ చేశాడన్నమాట. అప్పట్లో అది నడిచేది. ఉచిత అప్‌గ్రేడ్ గడువు 2016 జులై 29తోనే ముగిసినా ఆ దారి చాలా ఏళ్లు తెరిచే ఉంది. 2023 సెప్టెంబర్‌లో మూసేశారు. అంటే రేపు బోర్డు మార్చాక ఈ డబ్బా మీది కీ కొట్టి బతుకుదామంటే కుదరదు.

బావకు అర్థమయ్యేలా ఇలా చెప్పాను: "రేషన్ కార్డు పాత ఇంటి అడ్రస్ మీద ఉంది. ఇల్లు మారుతున్నాం. మారకముందే నీ ఆధార్‌కి లింక్ చెయ్యాలి. మారాక అడిగితే ఎవరు నువ్వు అంటరు."

ఇక్కడ ఆధార్ అంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్. ఈ సదుపాయం విండోస్ 10లో 2016 ఆగస్టు అప్‌డేట్ నుంచి ఉంది. అంతకుముందు హార్డ్‌వేర్ మారితే నేరుగా సపోర్ట్‌కి ఫోన్ చేసుకోవడమే. బావ ఎప్పుడో ఒక అకౌంట్ తెరిచాడట. పాస్‌వర్డ్ గుర్తులేదు. రికవరీకి ఇచ్చిన ఫోన్ నంబర్ ఏమో ఎప్పుడో మార్చేసిన సిమ్‌ది. అరగంట పోట్లాడి వదిలేశాను, ఇప్పుడున్న నంబర్‌తో కొత్తది తెరిచాం. పాస్‌వర్డ్ ఆయనే డైరీలో రాసుకున్నాడు, అక్షరం అక్షరం పైకి చదువుతూ. కిటికీ అవతల జిరాక్స్ షాపు. నేను తల పట్టుకున్నాను.

లింక్ చేసేముందు ఒక పని చేశాను. కంప్యూటర్ పేరు డెస్క్‌టాప్ అని, దాని పక్కన అర్థం కాని అక్షరాల గుంపు ఉంది. దాన్ని అకౌంట్స్-పీసీ అని మార్చాను. రేపు జాబితాలోంచి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు కళ్లకు తెలియాలి కదా. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి, యాడ్ యాన్ అకౌంట్ నొక్కి లాగిన్ చేశాం. అంతకుముందు అక్కడ డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయింది అని మాత్రమే ఉండేది. ఇప్పుడు ఆ వాక్యం కాస్త పొడుగైంది: డిజిటల్ లైసెన్స్ లింక్‌డ్ టు యువర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్. ఆ చివరి ముక్క కోసమే ఈ సాయంత్రమంతా. ఫోన్‌తో ఫోటో తీశాను.

బ్రౌజర్‌లో అకౌంట్ తెరిచి డివైసెస్‌లో చూశాను. అకౌంట్స్-పీసీ అక్కడ కూడా కనిపించాకే లేచాను.

జూన్ 14, శనివారం

ఇవాళ కూడా బోర్డు విప్పలేదు. బావ మొహంలో "వీడికి పని వచ్చా" అన్న అనుమానం మొదలైంది.

ముందు ట్యాలీ, అంటే బావ లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. దాని లైసెన్స్ కూడా హార్డ్‌వేర్‌ని పట్టుకునే ఉంటుంది, కానీ ట్యాలీవాళ్లు సరెండర్ అని ఒక ఆప్షన్ ఇచ్చారు. లైసెన్స్ మెనూలో సరెండర్ కొడితే ఈ కంప్యూటర్ నుంచి విడిపోతుంది, కొత్తదాంట్లో మళ్లీ యాక్టివేట్ చేసుకోవచ్చు. విండోస్‌కి ఇలాంటి బటన్ లేదు. ఎస్ఎల్ఎంజీఆర్ స్లాష్ యూపీకే అని ఒక కమాండ్ ఉంది, కీని తీసేస్తుంది, కానీ ఈ కంప్యూటర్‌లోంచే. సర్వర్‌కి ఆ కబురు వెళ్లదు. అది కొడితే లైసెన్స్ ఖాళీ అయిపోతుందని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఒకప్పుడు నేనూ అనుకున్నాను. డేటా అంతా బయటి డిస్క్‌లోకి కాపీ చేశాకే ట్యాలీ సరెండర్ కొట్టాను.

తర్వాత పెద్ద తలనొప్పి. ఎంఎస్ఇన్ఫో32 అనే విండోస్ టూల్‌లో బయోస్ మోడ్ (కంప్యూటర్ లేచే పద్ధతి) చూస్తే లెగసీ, అంటే పాతది, అని ఉంది. డిస్క్‌ని భాగాలు చేసిన తీరు కూడా పాత ఎంబీఆర్ పద్ధతే. 11కి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి కావాలి, డిస్క్ కూడా కొత్త తీరు జీపీటీలో ఉండాలి. ఎలాగూ మార్చాలి కాబట్టి, పాత బోర్డు మీదే మార్చేసి ఒకసారి బూట్ అయిందని చూసుకుంటే, రేపు ఏదైనా ఆగితే తప్పు డిస్క్‌ది కాదని తెలుస్తుంది. ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ విండోస్‌లోనే ఉంది. మార్చడం కుదురుతుందో లేదో ముందే చూసే వ్యాలిడేట్ కొట్టాను. ఫెయిల్.

కారణం మన షాపుల అలవాటే. సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు డ్రైవులు లేకపోతే కస్టమర్‌కి కంప్యూటర్ కొన్నట్టే ఉండదు. సీ తప్ప మిగతావన్నీ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అనే ఒకే పెద్ద భాగంలో లాజికల్ డ్రైవులుగా పెడతారు. ఈ టూల్‌కి ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ కనిపిస్తే చాలు, ముందుకు కదలదు. డీలో రిటర్నులు, ఈలో స్కాన్లు, ఎఫ్‌లో అక్కావాళ్ల పెళ్లి వీడియో. మూడూ బయటి డిస్క్‌లోకి పోశాను. 2021లో హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీకి క్లోన్ చేసింది నేనే, అప్పుడే ఈ గజిబిజి సర్దేసి ఉంటే ఇవాళ మూడు గంటలు మిగిలేవి. (అప్పుడు డిస్క్ మార్చినా యాక్టివేషన్ పోలేదు. ర్యామ్ పెంచినా పోలేదు. విండోస్ అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకునేది మదర్‌బోర్డునే.)

కాపీ సగంలో ఉండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కాబట్టి సరిపోయింది.

డ్రైవులు తీసేసి మళ్లీ వ్యాలిడేట్ కొడితే సక్సెస్. కన్వర్ట్ కొట్టాను. నిమిషం కూడా పట్టలేదు. బయోస్‌లో యూఈఎఫ్ఐకి మార్చి స్టార్ట్ చేస్తే విండోస్ వచ్చింది. యాక్టివేషన్ పేజీ చూశాను, అలాగే ఉంది. మిగిలిన జాగాలో ఒకే ఒక్క డీ డ్రైవ్ చేశాను. "ఈ, ఎఫ్ ఏవి?" అన్నాడు బావ. ఫోల్డర్లు చేసి ఇచ్చాను. సంతృప్తిగా అయితే లేడు.

జూన్ 15, ఆదివారం

బోర్డు రోజు. బిగింపు గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. ఫ్రంట్ ప్యానెల్ సన్న వైర్లు ఎప్పటిలాగే కళ్లు పీకాయి, పవర్ స్విచ్ పిన్నులు మాన్యువల్‌లో బొమ్మ చూసి పెట్టాను.

మొదటి స్టార్ట్. ఫ్యాన్లు తిరిగాయి, నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు. కొత్త సీపీయూ పెట్టారు, ఎఫ్‌టీపీఎం (రహస్య కీలు దాచే చోటు) రీసెట్ చేయాలంటే వై కొట్టండి, వద్దంటే ఎన్ కొట్టండి అని. ఏఎండీ బోర్డుల మీద ఇది మామూలే. కానీ ఆ కిందే భయపెట్టే వాక్యం ఒకటుంది: బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్ చేసి ఉండి రికవరీ కీ లేకపోతే సిస్టమ్ మళ్లీ లేవదని. బావ నా భుజం మీంచి చదివి "ఏమంటున్నది?" అన్నాడు. నేను నిన్ననే బిట్‌లాకర్ ఆఫ్‌లో ఉందని చూసుకున్నాను కాబట్టి వై కొట్టాను. చూసుకోకపోయి ఉంటే ఆ రెండు అక్షరాల మధ్య చాలాసేపు కూర్చునేవాణ్ని. బిట్‌లాకర్ ఉన్నవాళ్లు బోర్డు విప్పకముందే దాన్ని ఆపాలి, లేదా 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

గెటింగ్ డివైసెస్ రెడీ అంటూ కాసేపు తిప్పి డెస్క్‌టాప్ వచ్చింది. అక్షరాలన్నీ లావుగా, గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు కదా. వైరుతో వచ్చే నెట్, అంటే లాన్, కూడా పట్టలేదు. ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ పెట్టాను.

యాక్టివేషన్ పేజీ తెరిచాను. అనుకున్నట్టే ఎర్ర గుర్తు. ఈ డివైస్ హార్డ్‌వేర్ మారినట్టుంది, విండోస్ యాక్టివేట్ కాలేదు. ఎర్రర్ కోడ్ చివర ఎఫ్211. ఈ కోడ్ చూసి భయపడనక్కర్లేదు, ఇది రోగం పేరు సరిగ్గా చెప్పే కోడ్. కిందే ట్రబుల్‌షూట్ అని ఉంది. నొక్కితే కాసేపు వెతికి, నీ దగ్గర లైసెన్స్ ఉన్నట్టు లేదు అంటుంది. ఆ డబ్బాలోనే కింద చిన్న అక్షరాల్లో ఒక లింకు: ఐ ఛేంజ్డ్ హార్డ్‌వేర్ ఆన్ దిస్ డివైస్ రీసెంట్లీ. అసలు తలుపు అదే. అంత ముఖ్యమైన తలుపుని అంత చిన్నగా ఎందుకు పెట్టారో!

నొక్కాను. లాగిన్ అడిగింది. మెయిల్, పాస్‌వర్డ్ ఇచ్చాను. సమ్‌థింగ్ వెంట్ రాంగ్. మళ్లీ. అదే. పాస్‌వర్డ్ తప్పేమో అని బావ డైరీ తెప్పించాను. అక్షరం అక్షరం సరిపోయింది. బ్రౌజర్ తెరిచి అక్కడ లాగిన్ అవుదామంటే సైట్ సురక్షితం కాదని హెచ్చరిక. ఇంకో సైట్, అదే హెచ్చరిక. ఫోన్ నెట్ పాడైందా? ఫోన్‌లో అన్నీ బాగానే వస్తున్నాయి. మూడోసారి, నాలుగోసారి. ప్రయత్నాలకి ఏదైనా పరిమితి ఉందేమో, మొత్తానికే తలుపు మూసేస్తుందేమో అని చెయ్యి ఆగిపోయింది.

మా మేనకోడలు, తొమ్మిదో తరగతి, కుర్చీ వెనక నిలబడి వేరుశనగలు తింటోంది. "మామా, ఈ కంప్యూటర్ల ఇవ్వాళ శనివారం అంటున్నదేంది?" అంది.

కింద మూల గడియారం చూశాను. జనవరి 2022. కొత్త బోర్డు ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న తేదీతోనే లేచింది. ఈ కాలంలో ఏ సురక్షిత సైట్‌కైనా ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దానికి మొదలు తేదీ, ముగింపు తేదీ. కంప్యూటర్ మూడేళ్ల వెనక ఉంటే ఆ సర్టిఫికెట్లు దాని దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. పుట్టని సర్టిఫికెట్‌ని ఎలా నమ్ముతుంది? టైమ్ సరిచేసి, సింక్ నౌ కొట్టాను. లాగిన్ ఒక్క దెబ్బకి అయింది. పిల్లకి ఐస్‌క్రీమ్ బాకీ.

ఇప్పుడు జాబితా వచ్చింది. అకౌంట్స్-పీసీ. దాని కింద మళ్లీ అకౌంట్స్-పీసీ. కొత్త బోర్డుతో లాగిన్ కాగానే ఇది ఇంకో కంప్యూటర్ అనుకుని అదే పేరుతో చేర్చుకున్నట్టుంది. తెలివిగా పేరు మార్చానని మొన్న మురిసిపోయిన వాణ్ని, బోర్డు మార్చాక ఇంకో పేరు పెట్టాలని తట్టలేదు. పైదాన్ని ఎంచి, నేను ఇప్పుడు వాడుతున్నది ఇదే అన్న గడిలో టిక్ పెట్టి యాక్టివేట్ కొట్టాను. రీయాక్టివేట్ చేయలేకపోయాం అంది. కిందదాన్ని ఎంచాను. చుక్కలు గుండ్రంగా తిరిగాయి.

విండోస్ ఈజ్ యాక్టివేటెడ్.

"అయిందా?" అన్నాడు బావ.

"అయింది బావా."

"మరి ఏం తేడా కొడతలేదు?"

నిజమే. తేడా ఏమీ లేకపోవడం కోసమే మూడు రోజుల పని.

జూన్ 16, సోమవారం

ట్యాలీ మళ్లీ యాక్టివేట్ చేశాం. అన్‌లాక్ కీ మెయిల్‌కి వచ్చింది, అయిదు నిమిషాల పని. బావ డిజిటల్ సంతకం ఉండే డీఎస్‌సీ టోకెన్ డ్రైవర్ మళ్లీ వేయాల్సి వచ్చింది. సంతకం టోకెన్‌లోనే ఉంటుంది కాబట్టి దానికి బోర్డు మారిన సంగతే తెలియదు.

ఊపు మీద ఉన్నాం కదా అని రెండో కంప్యూటర్ కూడా చూశాను, అసిస్టెంట్ కూర్చునేది. 2022లో కొన్న సెకండ్ హ్యాండ్ బ్రాండెడ్ డెస్క్‌టాప్, ఐ5-8500. 11కి అర్హత ఉన్నదే. స్లాష్ డీఎల్ఐ కొడితే ఛానల్ దగ్గర వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్. స్లాష్ ఎక్స్‌పీఆర్ కొడితే గడువు తేదీ. శాశ్వత లైసెన్స్‌కి గడువు ఉండదు.

కేఎంఎస్ అనేది పెద్ద సంస్థల కోసం. లోపల ఒక సర్వర్ పెట్టుకుంటారు, కంప్యూటర్లన్నీ దాన్ని అడిగి యాక్టివేట్ అవుతాయి. ఒక్కసారికి 180 రోజులు, వారానికోసారి మళ్లీ అడిగి పొడిగించుకుంటాయి. ఆ సర్వర్ పనిచేయాలంటే కనీసం 25 కంప్యూటర్లు దాన్ని అడగాలి. మా బావ ఆఫీసులో కుర్చీలే అయిదు. మరి ఈ కంప్యూటర్ ఎవర్ని అడుగుతోందని స్లాష్ డీఎల్‌వీతో చూస్తే, దాని సర్వర్ అడ్రస్ 127తో మొదలవుతోంది. అంటే తనను తానే అడుగుతోంది, తానే సరే అంటోంది. క్రాక్, అంటే దొంగ యాక్టివేషన్.

బావ ఫైల్ తీశాడు. బిల్లులో ఒక వరస: ఓఎస్ ఇన్‌స్టాలేషన్, డబ్బులు వేరే. "హెచ్ఎస్ఎన్ కోడ్ కూడా లేదు," అన్నాడు, అన్నిటికంటే పెద్ద నేరం అదే అయినట్టు. షాపు మాత్రం ఇప్పుడక్కడ లేదు, మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకి అమ్మే కీ ఒకటి కొందామా అన్నాడు. వద్దన్నాను. అంత చవకైన కీలు ఎక్కడో ఒక సంస్థకి ఇచ్చినవి బయటికి పొక్కినవి కావచ్చు. ఇవాళ పనిచేస్తాయి, ఎప్పుడు బ్లాక్ అవుతాయో తెలియదు. బిల్లు అడిగే మనిషికి అవి అసలు పనికిరావు.

కొత్త ప్రో లైసెన్స్ అంటే పదివేల పైమాటే. ఆ లెక్క చెప్పబోతూ ఆగాను. బ్రాండెడ్ మెషీన్ కదా! విండోస్ 8 కాలం నుంచి తయారీదార్లు కీని స్టిక్కర్ మీద కాకుండా బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (బోర్డు చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్) రాసి పంపుతున్నారు. పవర్‌షెల్ తెరిచి సాఫ్ట్‌వేర్ లైసెన్సింగ్ సర్వీస్‌లో ఓఏ3ఎక్స్ ఒరిజినల్ ప్రొడక్ట్ కీ అన్న విలువ అడిగాను. అయిదు అయిదు అక్షరాల చొప్పున, పూర్తి కీ.

దాని లైసెన్స్ దాని కడుపులోనే ఉంది. షాపతను దాని మీద క్రాక్ వేసి, అదనంగా డబ్బులు కూడా తీసుకున్నాడు. బావ రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ షాపతని గురించి అచ్చ ఓరుగల్లు భాషలో మాట్లాడాడు, అది ఇక్కడ రాయను.

క్రాక్ ఉన్న విండోస్ మీద కీ ఒక్కటే మారిస్తే సరిపోదు, ఆ క్రాక్‌తో పాటు ఇంకేం దిగిందో ఎవరికి తెలుసు. డేటా తీసి, మొత్తం ఫార్మాట్ కొట్టి, నేరుగా విండోస్ 11 వేశాను. ఇన్‌స్టాలర్ కీ అడగలేదు, ఏ ఎడిషన్ కావాలో కూడా అడగలేదు. ఫర్మ్‌వేర్‌లోది చదువుకుని ప్రో వేసుకుంది. నెట్ తగిలించగానే యాక్టివేటెడ్. అకౌంట్స్ కంప్యూటర్‌కి మూడు రోజులు, దీనికి గంటన్నర.

జూన్ 18, బుధవారం

పాత బోర్డు, ఐ5-7400 ఇంకో క్యాబినెట్‌లో పెట్టి మేనకోడలికి ఇచ్చాను. ఆ లైసెన్స్ ఇప్పుడు బావ కొత్త బోర్డుది కాబట్టి ఇందులో విండోస్ వేయలేదు, లినక్స్ మింట్ వేశాను. అకౌంట్ పేజీలో పాత అకౌంట్స్-పీసీ వరసను ఇంకా తీసేయలేదు. కొన్నాళ్లు చూసి తీస్తాను, తొందరేం లేదు.

అకౌంట్స్ కంప్యూటర్‌కి 11 అప్‌గ్రేడ్ మాత్రం 3బీ అయ్యాకే. సెక్యూర్ బూట్ ఆన్ చేసి, ఆప్త మిత్రుడిలా తగులుకున్న అప్‌డేట్ నోటిఫికేషన్‌ని 20 దాకా ఆపాను.

వెళ్లొస్తానంటే బావ ఆపాడు. "ఆ యాక్టివేట్ అయిన పేజీ ఉన్నది కదా, రెండు కంప్యూటర్లదీ ప్రింట్ తియ్." తీశాను. తేదీ వేసి సంతకం పెట్టించుకున్నాడు నాతో. పంచింగ్ మెషీన్‌తో రెండు కన్నాలు పొడిచి, 2014 నాటి విండోస్ 7 బిల్లు వెనక ఫైల్ చేశాడు.